ఉత్తర కొరియాలో చాలామంది దగ్గర ఫోన్లున్నాయి, మరి నెట్ లేకుండా ఏం చేస్తారు?

రాత్రిబండి:
నిన్న ఒక వీడియోలో ప్యాంగ్యాంగ్ మెట్రో చూశా, చాలామంది చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు. నెట్ లేదంటారు కదా, మరి వాటిల్లో ఏం చూస్తారు? కనీసం ఒకరికొకరు వీడియోలైనా పంపుకోలేరా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కేబుల్‌వాలా:
ఫోన్లు నిజమే అండీ. 2008 చివర్లో ఈజిప్టు కంపెనీ ఓరాస్కామ్ అక్కడి ప్రభుత్వంతో కలిసి కొర్యోలింక్ అని 3జీ మొదలుపెట్టింది. అంతకుముందు కూడా సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ 2004లో ర్యోంగ్‌చోన్ స్టేషన్‌లో పెద్ద పేలుడు జరిగాక ఆ పై నెలలోనే లాగేసుకున్నారు. ఇప్పుడైతే కాల్స్, మెసేజ్‌లు, క్వాంగ్‌మ్యోంగ్ అనే ఇంట్రానెట్, అంటే ఆఫీసులో కంప్యూటర్లన్నీ కలిపే లోపలి నెట్‌వర్క్ లాంటిది, దేశం లోపలే తిరుగుతుంది. అసలు నెట్ పైవాళ్ళకి, కొందరు రీసెర్చర్లకి, ఫారినర్లకి మాత్రమే. బయటికి చైనా యూనికామ్ లైను ఒకటి, 2017లో రష్యా ట్రాన్స్‌టెలికామ్‌ది ఇంకోటి కలిపారు, అంతే.

సున్నాఒకటి:
వీడియోలు పంపుకోవడం అన్నారు కదా, అసలు సంగతి అక్కడే ఉంది. అందరూ బయటి గోడ గురించే మాట్లాడతారు, కాపలావాడు మెషిన్ లోపలే కూర్చున్నాడు. వాళ్ళ కంప్యూటర్లలో విండోస్ లాగా వాడే రెడ్ స్టార్ ఓఎస్‌ని 2015లో ఇద్దరు జర్మన్ రీసెర్చర్లు విప్పి చూపించారు, పెన్‌డ్రైవ్ పెడితే చాలు, ఫైలు తెరవకపోయినా సరే ఫొటోల్లో, డాక్యుమెంట్లలో ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్క్ సీరియల్ నంబర్‌తో ఒక గుర్తు పడిపోతుంది, కంటికి కనపడదు. నలుగురి చేతులు మారితే నలుగురి గుర్తులూ వరసగా ఉంటాయి, ఎవరు ఎవరికిచ్చారో లాగేయొచ్చు. అక్కడి ఊలిమ్ టాబ్లెట్ ఇంకా ఘోరం, ప్రభుత్వం డిజిటల్ సంతకమున్న ఫైలో, అందులోనే తయారైన ఫైలో అయితేనే తెరుచుకుంటుంది. పైగా మధ్యమధ్యలో దానంతటదే స్క్రీన్‌షాట్లు తీసి దాస్తుంది, వాటిని మనం చూడొచ్చు కానీ డిలీట్ చెయ్యలేం. చూడనివ్వడమే నాకు అన్నిటికన్నా దారుణంగా అనిపించింది, నిన్ను కనిపెడుతున్నాం అని రోజూ గుర్తు చెయ్యడమే కదా అది.

రాత్రిబండి:
చదువుతుంటేనే ఊపిరాడట్లేదు. మరి సౌత్ కొరియా సీరియల్స్ అక్కడ చూస్తారంటారు, అవెలా వెళ్తున్నాయి?

కేబుల్‌వాలా:
చైనా బోర్డర్ మీదుగా, పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల్లో. నోటెల్ అని చిన్న ప్లేయర్ ఉంటుంది, డీవీడీ, పెన్‌డ్రైవ్ రెండూ ఆడతాయి, కరెంటు లేకపోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. 2020 చివర్లో తెచ్చిన చట్టం ప్రకారం ఇలాంటివి చూసినందుకు 15 ఏళ్ళ దాకా శిక్ష, పంచితే మరణశిక్ష దాకా ఉంది. అయినా చూస్తున్నారు. ప్లేయర్‌లో సర్కారువారి డీవీడీ ముందే పెట్టుకుని పెన్‌డ్రైవ్‌లో సీరియల్ చూస్తారట, సోదా వాళ్ళు తలుపు కొడితే పెన్‌డ్రైవ్ పీకి దాచేస్తారు, మెషిన్ వేడిగా ఉందేంటని అడిగితే ఇదిగో ఈ డీవీడీ చూస్తున్నాం అని చూపించడానికి.