సాంబ మసూరిని 'ఎడిట్' చేశారంటే అసలు ఏం చేసినట్టు?

చివరి మడి, మిర్యాలగూడ వైపు

మాకు సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాలు. తూము నీళ్లు అందరి పొలాలూ తడిసినాకే మా దగ్గరికి వస్తాయి. నాయినకు మోకాళ్ల నొప్పులు, మూడేళ్ల నుంచి సాగు నేనే చూస్తున్నాను. మేం బీపీటీ, అంటే సాంబ మసూరి తప్ప వేరే వడ్లు వేసింది నాకు గుర్తు లేదు. తినేదీ అదే, అమ్మేదీ అదే.

2025 మే 4న ఢిల్లీలో జన్యువును ఎడిట్ చేసిన రెండు కొత్త వరి రకాలు ప్రకటించారు కదా. అందులో ఒకటి రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ వాళ్లు మన సాంబ మసూరి నుంచే తయారు చేశారు. పేరు కమల, డీఆర్ఆర్ ధాన్ 100. దిగుబడి 19 శాతం ఎక్కువట, కోతకు 20 రోజులు ముందే వస్తుందట. అందరూ ఆ 19 శాతం గురించే మాట్లాడుతున్నారు. నాకు కావాల్సింది ఆ 20 రోజులు.

ఎందుకంటే, నిరుడు పైరు పాలు పోసుకునే సమయానికి కాలువ కట్టేశారు. పక్క పొలం వాళ్ల బోరు నుంచి పైపులు గుంజి రెండు రాత్రులు తడి పెట్టాను. మూడెకరాలు దక్కాయి. చివరి ఎకరం కోస్తుంటే మిషన్ వెనక తాలు దుమ్ములా లేచింది. నాయిన గట్టు మీద కూర్చొని ఒక కంకిని అరచేతిలో నలిపి ఊదాడు. ఏడెనిమిది గింజలు మిగిలాయి. ఏమీ అనకుండా వాటిని జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు మా దగ్గర ఒక దుకాణం ఆయన వచ్చే వానాకాలానికి కమల విత్తనం తెప్పిస్తానని అడ్వాన్స్ అడుగుతున్నాడు. పక్క రైతేమో ఇది బీటీ పత్తి లాంటిదే, జోలికి పోకు అంటున్నాడు. ఇందులో వేరే జీవి జన్యువు పెట్టారా? మన వడ్లు మనం విత్తనానికి దాచుకోవచ్చా? ఆ 20 రోజులు నమ్మొచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పత్తి చేను, నాగర్‌కర్నూల్

అక్కా, మీ పక్క రైతు భయం ఊరికే వచ్చింది కాదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మొదట్లో మందు కొట్టే పని నిజంగానే తగ్గిందని మా నాన్న ఇప్పటికీ చెప్తాడు. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీ మొక్కలోని విషానికి అలవాటు పడింది. ఇప్పుడు విత్తనం ఖర్చు ఒక పక్క, మందుల ఖర్చు ఒక పక్క. పైగా అవి హైబ్రిడ్లు కాబట్టి ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. ఈ కమల కూడా అలాగే అవుతుందా అన్నది నా ప్రశ్న కూడా.

వృక్షశాస్త్రం చెప్పే మాస్టారు, నల్గొండ

అమ్మా, రెండూ ఒకటి కావు. బీటీ పత్తిలో మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును తెచ్చి పెట్టారు. కమలలో బయటిది ఏదీ మిగల్లేదు. వరిలో ముందే ఉన్న ఒక జన్యువును పనిచేయకుండా చేశారు, అంతే.

మీకు అర్థమయ్యేట్టు మడి లెక్కన చెప్తాను. కంకి తయారయ్యే చోట సైటోకైనిన్ అనే హార్మోన్ ఎంత ఎక్కువ నిలిస్తే అన్ని ఎక్కువ గింజలు కడతాయి. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది, సీకేఎక్స్2. హార్మోన్‌ను మడిలో నీళ్లనుకుంటే ఈ ఎంజైమ్ గట్టుకు పడిన గండి. ఆ గండి పూడ్చారు, నీళ్లు నిలిచాయి. ఈ సంగతి 2005లోనే జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. హబటాకి అనే వరి రకంలో ఈ జన్యువు సహజంగానే మందగించి ఉంది, అందుకే దాని కంకికి గింజలు ఎక్కువ. అంటే ఒకచోట ప్రకృతిలో జరిగిన మార్పునే మన శాస్త్రవేత్తలు సాంబ మసూరిలో తెచ్చారు. మామూలు సంకరంతో తేవాలంటే ఏళ్లు పడుతుంది, దానితోపాటు మనకు అక్కర్లేని గుణాలు కూడా వస్తాయి, గింజ సన్నదనం పోవచ్చు.

ఇందుకు వాడిన క్రిస్పర్ అంటే ఆ జన్యువు ఎక్కడుందో వెతికి కత్తిరించే కత్తెర. దీన్ని 2012లో చూపించిన శాస్త్రవేత్తలు షార్పెంటియర్, డౌడ్నా ఇద్దరికీ 2020లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. పని అయ్యాక ఆ కత్తెర మొక్కలో ఉండిపోకూడదు. అందుకే తర్వాతి తరం మొక్కల్లో మార్పు ఉండి, కత్తెర జన్యువు లేనివాటినే ఏరుకుంటారు. ఇలాంటి వాటిని 2022 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయించింది.

ఇక లెక్కలు. 25 చోట్ల పరీక్షల్లో సాంబ మసూరి హెక్టారుకు 4.5 టన్నులు, కమల 5.37 టన్నులు ఇచ్చిందని చెప్పారు. 75 కిలోల బస్తాల్లో చూస్తే ఎకరాకు 24 నుంచి 29 అన్నమాట. మిర్యాలగూడలో మంచి ఏడాది బీపీటీకే అంతకంటే ఎక్కువ పండిస్తారు కదా? 25 చోట్ల సగటును మీ పొలానికి హామీగా తీసుకోకండి. ఆ ఫలితాలను ప్రశ్నించినవాళ్లూ ఉన్నారు, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ఆ విమర్శలను కొట్టిపారేసింది. నాకైతే ఈ పని చూస్తే గర్వంగా ఉంది, కానీ రైతు పొలంలో రెండు సీజన్లు చూడకుండా నా విద్యార్థుల తల్లిదండ్రులెవరికీ వేయమని చెప్పను.

ఒక పని చేయండి. మీ పంట ఇంకా కోయకపోతే, తూము దగ్గరి మడిలో మూడు కంకులు, చివరి మడిలో మూడు కంకులు తెంపి గింజలు లెక్కపెట్టండి. నిండినవి వేరు, తాలు వేరు.

విత్తనోత్పత్తి రైతు, నిడమనూరు వైపు

అడ్వాన్స్ ఇవ్వకండి చెల్లెమ్మా. నేను పదేళ్లుగా ఫౌండేషన్ సీడ్ తెచ్చి సర్టిఫైడ్ విత్తనం పండిస్తున్నాను. రకం ప్రకటించిన రోజే విత్తనం రాదు. బ్రీడర్ సీడ్‌కు బంగారు పసుపు ట్యాగ్, ఫౌండేషన్‌కు తెలుపు, సర్టిఫైడ్‌కు నీలం. ఈ మెట్లు దిగి రావడానికి సీజన్లు పడతాయి. ట్యాగ్ చూపించని వాడికి పైసా ఇవ్వొద్దు. మా ఊళ్లో ఒకాయన కొత్త రకం అని లూజ్ సంచిలో కొన్నాడు. ఈనే టైముకు పొలమంతా బెరకులే, అంటే వేరే రకాల మొక్కలు కలిసిపోయాయి. సగం మొక్కలు వంగుతుంటే సగం ఇంకా పొట్టలో ఉన్నాయి, కోత ఎప్పుడు పెట్టాలో తెలియక ఏడ్చినంత పని చేశాడు.

నాగర్‌కర్నూల్ తమ్ముడికి: కమల హైబ్రిడ్ కాదు, సూటి రకం. దాచుకున్న వడ్లు అలాగే మొలుస్తాయి. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల రక్షణ చట్టం ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, తోటి రైతుతో మార్చుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా.

చెల్లెమ్మకు 20 రోజులే కావాలంటే తెలంగాణ సోన ఉంది కదా, ఆర్ఎన్ఆర్ 15048. 125 రోజులు, సన్న గింజ, అగ్గితెగులుకు తట్టుకుంటుంది. కమల వచ్చేదాకా చివరి ఎకరంలో అది వేయండి.

చివరి మడి, మిర్యాలగూడ వైపు

అడ్వాన్స్ ఇవ్వనని చెప్పేశాను.

మాస్టారు చెప్పినట్టు నిన్న సాయంత్రం కంకులు తెంపుకొచ్చాను. పేపర్ పరిచి నేనూ నాయినా కూర్చున్నాం. తూము దగ్గరి మడిలో కంకికి సగటున 209 గింజలు, అందులో తాలు 27. చివరి మడిలో 201 గింజలు, తాలు 83. ఈ ఏడు నీళ్లు కాస్త మేలు, అయినా ఇంత తేడా.

రెండు చోట్లా గింజలు దాదాపు సమానంగానే కట్టాయి. నిండడం దగ్గరే దెబ్బ పడింది. మాస్టారు చెప్పిన ఆ గండి పూడిస్తే గింజలు ఇంకా పెరుగుతాయి, సరే. మా చివరి మడిలో పెరిగిన గింజలకు కూడా ఆ ఆఖరి తడి కావాలి కదా. అందుకే మాకు ముందు రోజులు తగ్గాలి, గింజల సంగతి తర్వాత. నాయిన అయితే బీపీటీ అన్నం వదలనని మొండికేశాడు. చివరికి మూడెకరాలు బీపీటీ, చివరి ఎకరం సోన అని ఒప్పుకున్నాడు. నారు రెండు మళ్లుగా విడివిడిగా పోయాలి, కలిసిపోకుండా.