సమస్య: తలుపు మూసినపుడె దారి దొరికె

ఈసారి పాదం ఆటవెలదిలో నాలుగవది. ఇతివృత్తం రివర్స్ ప్రాక్సీ, అంటే బయటినుంచి వచ్చేవారిని ముందు తానే అందుకొని లోపలి యాపులకు చేర్చే కాపరి ప్రోగ్రాము. అలాంటి ప్రోగ్రామైన క్యాడీని వాడేవారికి తెలిసిందే: ‘క్యాడీ రివర్స్-ప్రాక్సీ’ అనే ఆజ్ఞ రాసి, ‘ఫ్రమ్’ దగ్గర డొమైన్ పేరు, ‘టు’ దగ్గర యాపు పోర్టు (సర్వరులో యాపు వినే తలుపు సంఖ్య) ఇస్తే చాలు. ఆ పేరు మన సర్వరుకే చేరుతూ, 80, 443 పోర్టులు బయటివారికి అందుతుంటే, భద్రమైన కనెక్షనుకు కావలసిన హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌ను క్యాడీయే తెచ్చుకుంటుంది.

మొదటి పూరణ:

నాల్గు యాపులకును నాలుగు గుమ్మముల్
తెరచియుంచ దొంగ తిరిగి చూచె
ప్రాక్సి నొకటి నిలిపి బయటివి మూసితి
తలుపు మూసినపుడె దారి దొరికె

– యతులు చక్కగా కుదిరాయి. ‘ప్రా’కు ‘బ’ హాయిగా చెల్లింది. కానీ విషయంలో ఒక చిక్కుంది. నాలుగు యాపులకు ఆ ఒక్క ఆజ్ఞ సరిపోదు. ‘టు’ను నాలుగుసార్లు ఇస్తే, నాలుగూ ఒకే యాపుకు ప్రతులనుకొని వచ్చినవారిని వాటి మధ్య పంచేస్తుంది. బిల్లులు చూడవచ్చినవారికి ఫొటోల పేజీ తెరుచుకుంటుంది! క్యాడీ అమరికలుండే క్యాడీఫైల్ తెరిచి, ఒక్కో పేరు కింద ఒక్కో పోర్టు రాయాలి.

– నిజమే అండీ, నేను చివరికి క్యాడీఫైల్‌తోనే చేశాను. పద్యంలో ఆ మాటకు చోటు చాలలేదు.

రెండవ పూరణ:

పాత సర్వరొకటి పట్టుక యెనుబదిన్
వదలకున్న ప్రాక్సి పలుకదయ్యె
దాని నాపి మరల దీనినే నడుపగా
తలుపు మూసినపుడె దారి దొరికె

– ఊహ నాకు ఎంతో నచ్చింది. ఒక పోర్టును ఇద్దరు పట్టుకోలేరన్న చిన్న నిజంతో సమస్యలోని విరోధం విడిపోయింది. మూడవ పాదంలో మాత్రం యతి తప్పింది, ‘దా’కు ‘దీ’ చెల్లదు. ‘దాని నాపి పిదప దర్జాగ నడిపితి’ అంటే సరి.

– ధన్యవాదాలండీ, సవరించుకున్నాను. లైనక్స్‌లో ఆ 80వ పోర్టును పట్టుకున్నదెవరో ‘ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ’ అనే ఆజ్ఞ చెబుతుంది. అది తెలియక ఒక సాయంత్రమంతా ప్రాక్సీనే తిట్టుకున్నాను.

నా పూరణ:

నూటయిరువదేడు నుండియే వినుమన్న
బయటి కేక యాపు వరకు రాదు
గడప దాటు మాట కాపరి చెప్పగా
తలుపు మూసినపుడె దారి దొరికె

– మొదటి పాదం విడమరచండి. అందరికీ అందదు.

– 127.0.0.1, అంటే ఆ యంత్రం లోపలివారికే అందే చిరునామా. యాపు 0.0.0.0 మీద, అంటే యంత్రపు అన్ని చిరునామాల మీదా వింటుంటే, ఫైర్‌వాల్ అడ్డు లేనప్పుడు, ప్రాక్సీని తప్పించుకుని నేరుగా యాపు పోర్టు 3000కే ఎవరైనా రావచ్చు. అలా వచ్చినవాడు, వచ్చినవారి చిరునామాను యాపుకు చెప్పే ‘ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్’లో తనకు నచ్చిన చిరునామా రాసి పంపితే యాపు నమ్మేస్తుంది. 127.0.0.1 మీదే వింటే ప్రాక్సీ చెప్పిన చిరునామాయే లోపలికి చేరుతుంది. యాపులను కంటెయినర్లలో నడిపే డాకర్ వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: అది బయటపెట్టిన పోర్టు యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ నిబంధనలను దాటిపోతుంది. పోర్టుకు ముందు 127.0.0.1 అని మీరే రాయాలి.

– ‘కాపరి’ దగ్గర ‘గ–క’ మైత్రి బాగుంది. మూడవ పాదం ఇప్పుడు అర్థమైంది. ఇంటికి వెళ్లగానే నా యాపు ఎక్కడ వింటున్నదో చూస్తాను.