కర్నూలులో 40 పడకల ఆసుపత్రి: కేస్ షీట్ల నుంచి కంప్యూటర్‌కు మారాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఆసుపత్రి మేనేజర్, కర్నూలు)

అందరికీ నమస్కారం. మాది 40 పడకల ఆసుపత్రి, ఓపీ రోజుకు 150 దాకా ఉంటుంది. గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా పేషెంట్లు వస్తారు. ఇప్పటిదాకా అంతా ఓపీ చీటీ, కేస్ షీట్ మీదే నడిచింది. దసరా నాటికి అంతా కంప్యూటర్‌లోకి మారాలని పెద్ద డాక్టర్ గారు అంటున్నారు. మూడు కంపెనీలు డెమో ఇచ్చాయి, మూడూ బాగున్నట్టే ఉన్నాయి. మా ఫిజీషియన్ గారు మాత్రం "నేను టైప్ చేస్తూ కూర్చుంటే పేషెంట్ మొహం ఎప్పుడు చూడాలి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. రోజూ టెన్షన్‌గా ఉంది. ఈ పని చేసినవాళ్లు దారి చెప్పండి.

జవాబు 1 (మెడికల్ రికార్డ్స్ విభాగం, అనంతపురం)

సార్, మీ ఫిజీషియన్ గారు అడిగిందే అసలు ప్రశ్న. దాన్ని పక్కన పెట్టి ముందుకు పోతే సాఫ్ట్‌వేర్ కొన్నాక కూడా వాడేవాళ్లుండరు.

మేం చేసిన తప్పు ముందు చెప్తాను. ఓపీ, వార్డు, ల్యాబ్, ఫార్మసీ అన్నీ ఒకే రోజు మొదలుపెట్టాం. అదీ సోమవారం. పదకొండు గంటలకు క్యూ గేటు దాకా వచ్చింది. పసిబిడ్డకు జ్వరమని పొద్దున ఏడుకే ఊరి నుంచి బయలుదేరిన తల్లి ఇంకా రిజిస్ట్రేషన్ దగ్గరే నిలబడి ఉంది. డాక్టర్ గారు బయటికొచ్చి "చీటీలు తెప్పించండి" అన్నారు. ఆ తర్వాత ఆర్నెల్లు కంప్యూటర్ మాటెత్తితే ఒక్కరూ వినలేదు.

రెండోసారి రిజిస్ట్రేషన్, ల్యాబ్‌తో మొదలుపెట్టాం. ల్యాబ్ రిపోర్ట్ తన స్క్రీన్ మీదికే వస్తుంటే డాక్టర్‌కు లాభం వెంటనే కనబడుతుంది. అది అలవాటయ్యాక ఓపీ మందుల చీటీ, అన్నిటికన్నా చివర వార్డులు. ఆయన టైపింగ్ తగ్గించడానికి బీపీ, బరువు, షుగర్ లోపలికి పంపే ముందే సిస్టర్ ఎక్కిస్తుంది. ఆయన ఎక్కువగా రాసే మందుల జాబితాలు ముందే తయారుచేసి పెట్టాం. డెమోను నమ్మకండి. మీ పాత కేస్ షీట్లు పది తీసి, పేషెంట్ల పేర్లు మార్చి, మీ ఫిజీషియన్ గారి చేతే ఎక్కించి చూడండి. ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం పెట్టి రాసుకోండి. మూడు కంపెనీల మధ్య తేడా అక్కడ తెలుస్తుంది.

ఇక నా ప్రాణం పెట్టి చెప్పే మాట రిజిస్ట్రేషన్ గురించి. మీ కర్నూలు వైపు మద్దిలేటి పేరుతో రోజుకు ఎంతమంది వస్తారో మీకే తెలుసు. మహబూబ్ బాషా పేరును ఒక్కో గుమాస్తా ఇంగ్లీషులో ఒక్కోలా రాస్తాడు. ఫోన్ నంబరు ఇంటిల్లిపాదికీ ఒకటే. పుట్టిన తేదీతో పోల్చుకుందామంటే, ఆధార్‌లో జనవరి 1 అని ఉన్న పెద్దవాళ్లు బోలెడుమంది. మా దగ్గర ఒకసారి ఒకే పేరున్న ఇద్దరి రికార్డులు కలిసిపోయాయి. ఇరవై ఏళ్ల కుర్రాడి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) రిపోర్ట్, షుగర్‌కు మందులు వాడే అరవై ఏళ్ల పెద్దాయన ఫైల్లో కూర్చుంది. రిపోర్ట్ మీద వయసు చూసిన సిస్టర్ ఆపింది కాబట్టి సరిపోయింది. కాగితమైతే ఒక్క ఫైలు తప్పు, కంప్యూటర్లో ఆ తప్పు ప్రతి గదిలోనూ కనబడుతుంది.

అందుకే పేరుతో పాటు తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఫోన్ తప్పనిసరి చేయండి. కొత్త నంబరు ఇచ్చే ముందు "ఇంతకుముందు వచ్చారా?" అని అడిగి వెతకాలి. కౌంటర్లో మీ దగ్గరున్న అందరికన్నా నెమ్మదస్తుణ్ణి కూర్చోబెట్టండి.

జవాబు 2 (వార్డు సిస్టర్, కడప)

సార్, సిస్టర్ల భయానికి కారణం కంప్యూటర్ కాదు, రెండుసార్లు రాయడం. మా దగ్గర కేస్ షీట్‌లోనూ రాయాలి, కంప్యూటర్‌లోనూ ఎక్కించాలి అన్నారు. కంప్యూటరేమో వార్డు ఆ చివర టేబుల్ మీద. పన్నెండు మంది టెంపరేచర్లు గ్లోవ్స్ డబ్బా అట్ట చించి దానిమీద రాసుకుని, డ్యూటీ దిగే ముందు అన్నీ ఒకేసారి ఎక్కించేవాళ్లం. స్క్రీన్ మీద అన్ని రీడింగులకూ టైము మధ్యాహ్నం ఒకటిన్నరే. పొద్దున ఎనిమిదికి జ్వరం ఎంతుందో డాక్టర్‌కు ఎలా తెలుస్తుంది?

మంచం దగ్గరికి తోసుకెళ్లే ట్రాలీ మీద ల్యాప్‌టాప్ ఇప్పించండి. కాగితం ఏ తేదీ నుంచి ఆపేస్తారో ముందే చెప్పండి. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకే ఉండాలి. డాక్టర్ పాస్‌వర్డ్‌తో ఇంకొకరు మందులు ఎక్కిస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఎవరు చేశారో తేలదు. నింద మా మీదే పడుతుంది.

మళ్లీ ప్రశ్న (కర్నూలు)

మేడం, సార్, చాలా థ్యాంక్స్. ఇంకో రెండు సందేహాలు. పాత ఫైళ్లన్నీ స్కాన్ చేయించాలా? ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు లేని పేషెంట్‌ను ఏం చేయాలి?

జవాబు 3 (అనంతపురం)

అన్నీ స్కాన్ చేయించకండి, డబ్బు దండగ. పాత పేషెంట్ మళ్లీ వచ్చినప్పుడు ఆఖరి డిశ్చార్జ్ సమ్మరీ ఒకటి స్కాన్ చేసి, ఇప్పుడు వాడే మందులు, పడని మందులు ఎక్కిస్తే చాలు. అలాగని కాగితాలు పారేయకూడదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు 3 ఏళ్లు ఉంచాలి, పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. పోలీసు కేసుల ఫైళ్లు మాత్రం విడిగా బీరువాలో ఉంచండి.

ఆభా అన్నది 14 అంకెల నంబరు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇస్తారు, ఆ మిషన్ దేశమంతా మొదలైంది 2021 సెప్టెంబరులో. అది పేషెంట్ ఇష్టం. లేదని వైద్యం ఆపకూడదు, మీ ఆసుపత్రి నంబరుతోనే నడిపించండి. ఉన్నవాళ్లు కౌంటర్లో క్యూఆర్ స్కాన్ చేస్తే పేరు, వయసు వాటంతటవే వచ్చేస్తాయి, స్పెల్లింగ్ తప్పులు తగ్గుతాయి.

కంపెనీతో సంతకాల ముందు ఇంకో రెండు రాయించుకోండి. రేపు వాళ్లను మానేస్తే మన డేటా మొత్తం వేరే సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో ఇవ్వాలి. బ్యాకప్ తీస్తున్నామంటే చాలదు, మన కళ్లముందు దాన్ని తిరిగి తెరిచి చూపించాలి. కరెంటు, నెట్ పోయిన రోజుకు ప్రతి వార్డులో ఒక కట్ట ప్రింటు ఫారాలు ఉంచి, నెట్ వచ్చాక వాటిని ఎవరు ఎక్కించాలో పేరు రాసి గోడకు అంటించండి.

కర్నూలు

సరే సార్. దసరాకు రిజిస్ట్రేషన్, ల్యాబ్ వరకే అని పెద్ద డాక్టర్ గారిని ఒప్పించాను. పది కేస్ షీట్లు ఈరోజే తీయించాను. బుధవారం ఓపీ తక్కువ, ఆ మధ్యాహ్నం ఫిజీషియన్ గారే కూర్చుంటానన్నారు. నిమిషాల లెక్క ఇక్కడే పెడతాను.