బ్యాండులో గిటార్ వినపడాలంటే మిడ్ పెంచాలా, బాస్, గెయిన్ తగ్గించాలా?

ఆరోతీగ:
మా బృందంలో నాతోపాటు బాస్ గిటార్, డ్రమ్స్, కీబోర్డు, ఇద్దరు గాయకులు ఉన్నారు. ఇంట్లో నిండుగా పలికే నా గిటార్ ఆంప్ (యాంప్లిఫయర్), రిహార్సల్‌లో డ్రమ్స్ అందుకోగానే ఆనవాలు లేకుండా పోతోంది. వాల్యూమ్ పెంచితే తమ గొంతు తమకే వినపడటం లేదని గాయకులు అభ్యంతరం చెబుతున్నారు. మిడ్ నాబ్‌ను (మధ్యస్థాయి శబ్దాలను) బాగా పెంచితే చాలని కొందరు, దాని జోలికి పోకుండా బాస్ (కింది శబ్దాలు), గెయిన్ (శబ్దం ఎంత బరకగా మారాలో నిర్ణయించే నాబ్) తగ్గించాలని మరికొందరు అంటున్నారు. ఏది ముందు చేయాలో కారణంతో సహా చెప్పవలసిందిగా మనవి.

పంచమం:
మిడ్ పెంచడమే ముందు చేయవలసిన పని. ఎలక్ట్రిక్ గిటార్‌ను గిటార్‌గా గుర్తుపట్టించేది సుమారు 400 నుంచి 3,000 హెర్ట్జ్ వరకు ఉన్న భాగం. గిటార్ స్పీకర్లు 5,000 హెర్ట్జ్ దాటాక ఎలాగూ చతికిలబడతాయి కనుక ట్రెబుల్‌ను (పై శబ్దాల నాబ్‌ను) ఎంత తిప్పినా ఒరిగేది తక్కువ. ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ ఇన్ని దశాబ్దాలుగా లీడ్ (పాటలో ముందుకు వచ్చే సోలో భాగం) వాయించేవారి కాళ్ల దగ్గర ఉండటానికి కారణం కూడా ఇదే: అది కింది శబ్దాన్ని కోసి, 700 హెర్ట్జ్ ప్రాంతాన్ని ముందుకు తెస్తుంది. మిడ్ తీసేసి బాస్, ట్రెబుల్ పెంచిన శబ్దం గదిలో ఒక్కరే వాయించుకుంటున్నప్పుడు గంభీరంగా ఉంటుంది. బ్యాండులో ఆ బాస్‌ను బాస్ గిటార్, ఆ ట్రెబుల్‌ను సింబల్స్ మింగేస్తాయి, గిటారిస్టుకు మిగిలేది చేతుల కదలికే.

మంద్రం:
నేను బాస్ గిటార్ వాయిస్తాను కనుక కొంత పక్షపాతం ఉంటే మన్నించండి. పంచమం గారి చివరి వాక్యాన్ని ఒప్పుకుంటాను, మొదటిదాన్ని ఒప్పుకోను. నాలుగు తీగల బాస్‌లో లావుతీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, దాని మొదటి ఓవర్‌టోన్ (మూలస్వరంతోపాటు పలికే పైస్వరం) 82 దగ్గర పడుతుంది. గిటార్ లావుతీగ మూలస్వరం కూడా 82 దగ్గరే. ఆ చోటును ఖాళీ చేయకుండా మిడ్ పెంచితే, ఉన్న గజిబిజికి ఇంకొంత శబ్దం తోడవుతుందంతే. పైగా గాయకుల గొంతు, కీబోర్డు కార్డులు కూడా ఉండేది ఆ మిడ్‌లోనే కదా!

ఇంట్లో బాస్ ఎక్కువ పెట్టుకోవడానికి కారణం మన చెవి. తక్కువ శబ్దంలో మంద్రస్వరాలు చెవికి సరిగా అందవని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. అందువల్ల ఇంట్లో సరిపోయిన బాస్, వాల్యూమ్ పెంచిన రిహార్సల్ గదిలో గుమగుమలాడే బదులు గుబగుబలాడుతుంది. ఇక గెయిన్ ఎక్కువైతే కార్డును గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా ఒకే మట్టంలో వినపడుతుంది; పిక్ తీగను తాకినప్పటి టక్కుమనే తొలి చప్పుడు అణిగిపోతుంది, డ్రమ్స్ నడుమ గిటార్‌ను పట్టించేది ఆ చప్పుడే.

సౌండ్‌డెస్క్:
ఇద్దరూ నాబులను వేరువేరు పనిముట్లుగా చూస్తున్నారు. ఫెండర్ ట్విన్ రివర్బ్ వంటి ఆంపుల్లో టోన్ నాబులు (బాస్, మిడ్, ట్రెబుల్) దేన్నీ నిజంగా పెంచవు. ఎంత తగ్గించాలో మాత్రమే నిర్ణయిస్తాయి, ఒకదాన్ని తిప్పితే ఇంకొకదాని ప్రభావం మారుతుంది. మూడింటినీ 5 మీద పెడితే శబ్దం సమంగా ఉన్నట్టు కాదు, మిడ్ అప్పటికే బాగా తగ్గి ఉంటుంది. సమానానికి దగ్గరగా రావాలంటే మిడ్ 10 మీద, మిగిలిన రెండూ దాదాపు సున్నా మీద ఉండాలి. కనుక అటువంటి ఆంపులో బాస్ తగ్గించడం, మిడ్ పెంచడం ఒకే వైపు నడిచే పనులు. పాత ఫెండర్ డీలక్స్ రివర్బ్‌లోనైతే మిడ్ నాబే లేదు. అక్కడ పంచమం గారి సలహాను నాబ్‌తో పాటించే దారే ఉండదు.

ఆరోతీగ గారు నాబుల కంటే ముందు ఆంప్ ఎక్కడ ఉందో చూసుకోవాలి. పై శబ్దాలు స్పీకర్ నుంచి సన్నటి ధారగా నేరుగా ముందుకు పోతాయి. నేల మీది ఆంప్‌కు ఎదురుగా నిలబడితే అవి మోకాళ్లకు తగులుతాయి, చెవికి మొద్దుబారిన శబ్దమే చేరుతుంది, దాంతో ట్రెబుల్ పెంచుతారు, ముందు వరుసలో కూర్చున్నవారు చెవులు మూసుకుంటారు. ఆంప్‌ను కుర్చీ మీద పెట్టండి లేదా వెనక్కి వాల్చండి. ఆ తరువాత అందరూ పాటలో అన్నింటికంటే బిగ్గరగా ఉండే చరణాన్ని వాయిస్తుండగా, బాస్‌ను మీకు ఒంటరిగా పలచగా అనిపించేంత వరకు, గెయిన్‌ను పిక్ చప్పుడు తిరిగి వచ్చేంత వరకు తగ్గించి, అప్పుడు మిడ్ ముట్టుకోండి. ఈ క్రమంలో నేను మంద్రం గారి పక్షమే.

ఆరోతీగ:
కృతజ్ఞతలు. మరి లీడ్ వచ్చినప్పుడు ముందుకు రావడం ఎలా? పెడల్ నొక్కితే శబ్దం చిక్కబడుతోంది గానీ పెరగడం లేదు.

పంచమం:
క్రమం విషయంలో మంద్రం గారికి తలవంచుతాను, లీడ్ దగ్గర మాత్రం మిడ్‌నే నమ్ముతాను. మీ ఆంప్‌లోని ప్రీఆంప్ (గిటార్ శబ్దం ముందుగా చేరే భాగం) అప్పటికే నిండా డిస్టార్షన్‌లో (బరకదనంలో) ఉన్నట్టుంది; దాని ముందు పెట్టిన బూస్ట్ (శబ్దాన్ని పెంచే పెడల్) గెయిన్‌నే పెంచుతుంది. ఆంప్ వెనుక ఎఫెక్ట్స్ లూప్ (ప్రీఆంప్ తరువాత పెడల్ కలిపే చోటు) ఉంటే బూస్ట్‌ను అందులో కలపండి, అప్పుడు పెరిగేది వాల్యూమే. లూప్ లేకపోతే గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ను రిథమ్‌కు (పాట వెనుక కార్డులు వాయించేటప్పుడు) 6 లేదా 7 దగ్గర ఉంచి, లీడ్‌కు 10కి తిప్పండి. ఇది పనిచేయాలన్నా గెయిన్ తగ్గి ఉండాలి మరి.