అమెరికా అధ్యక్షుడు ఒంటరిగా యుద్ధానికి దిగవచ్చా?

కృష్ణాతీరం:
2025 జూన్ 22న అమెరికా విమానాలు ఇరాన్‌లోని ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణుకేంద్రాలపై బాంబులు వేశాయి. అందుకు అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ముందుగా ఓటు వేయలేదు. రాజ్యాంగం మొదటి అధికరణం యుద్ధం ప్రకటించే అధికారాన్ని కాంగ్రెస్‌కు ఇచ్చింది, రెండో అధికరణం అధ్యక్షుడిని సర్వసైన్యాధ్యక్షుడిని చేసింది. యుద్ధం కావాలో వద్దో తేల్చేది చట్టసభ, తేలాక సైన్యాన్ని నడిపేది అధ్యక్షుడు. ఇంత స్పష్టంగా ఉన్నా, కాంగ్రెస్ చివరిసారి లాంఛనంగా యుద్ధం ప్రకటించింది 1942 జూన్‌లో, బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద. 1950లో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ కొరియాకు సైన్యాన్ని పంపినప్పుడు కాంగ్రెస్ అనుమతే అడగలేదు. ముప్పై వేలకు పైగా అమెరికన్ సైనికులు చనిపోయిన యుద్ధం అది! రాజ్యాంగం ఇవ్వని అధికారాన్ని అధ్యక్షులు లాక్కున్నారన్నది నా వాదన. మీరేమంటారు?

గోదావరి గట్టు:
ఒప్పుకోను. 1787 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాస్తున్నప్పుడే ఆ సభలోని సభ్యులు మాడిసన్, గెర్రీ కలిసి ఒక సవరణ తెచ్చారు. ఆకస్మిక దాడి జరిగితే తిప్పికొట్టే వీలు అధ్యక్షుడికి ఉండాలన్నదే దాని ఉద్దేశం. క్షిపణి నిమిషాల్లో వచ్చిపడే కాలంలో 535 మంది సభ్యులు సమావేశమై చర్చించేదాకా ఆగడం కుదరదు.

ఇంకో మాట. కాంగ్రెస్ ఓటు వేస్తే చెడ్డ యుద్ధాలు ఆగిపోతాయా? 1964 ఆగస్టులో వియత్నాంలో సైనిక చర్యకు అనుమతించిన టోంకిన్ సింధుశాఖ తీర్మానం ప్రతినిధుల సభలో 416–0తో, సెనేట్‌లో 88–2తో నెగ్గింది. వియత్నాంలో ఏమైందో అందరికీ తెలుసు. 2002లో ఇరాక్ మీద యుద్ధానికి సెనేట్‌లో 77 మంది అనుకూలంగా ఓటు వేశారు. ఇరాక్ దగ్గర ఉన్నాయని చెప్పిన సామూహిక విధ్వంస ఆయుధాలు ఏవీ?

కృష్ణాతీరం:
దాడిని తిప్పికొట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఇరాన్ అణుకేంద్రాలపై దాడి ఆ కోవలోకి ఎలా వస్తుంది? అది ముందే ప్రణాళిక వేసుకుని చేసిన పని. ప్రణాళికకు సమయం దొరికినప్పుడు ఓటింగుకు దొరకదా?

చట్టం చదువరి:
ఇద్దరూ 1973 నాటి యుద్ధాధికారాల తీర్మానాన్ని వదిలేశారు. అసలు కథ అక్కడే ఉంది. సైన్యాన్ని పోరులోకి దింపితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు తెలియజేయాలి. 60 రోజుల్లో అనుమతి రాకపోతే వెనక్కి రప్పించాలి, అందుకు మరో 30 రోజుల గడువు ఉంటుంది. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ వీటో చేస్తే ఉభయసభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో దాన్ని కాదని చట్టం చేశాయి.

అందులో ఒక బలమైన నిబంధన ఉండేది. గడువుతో పని లేకుండా, ఉభయసభలూ సాధారణ మెజారిటీతో తీర్మానిస్తే చాలు, అధ్యక్షుడి సంతకం లేకుండానే సైన్యం వెనక్కి రావాలి. దాన్ని పనికిరాకుండా చేసింది యుద్ధంతో ఏ సంబంధమూ లేని ఒక వలస కేసు. కెన్యాలో పుట్టిన భారత సంతతి యువకుడు జగదీశ్ రాయ్ చద్దా చదువుకోవడానికి అమెరికా వెళ్లాడు. వీసా గడువు తీరాక దేశం నుంచి పంపేయబోతే ఇమిగ్రేషన్ న్యాయమూర్తి ఉండనిచ్చారు. ప్రతినిధుల సభ ఒక్కటే తీర్మానం చేసి ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. ఆయన కోర్టుకు వెళ్లాడు. అధ్యక్షుడి ముందుకు పంపకుండా చట్టసభ చేసే తీర్మానానికి చట్టబలం ఉండదని 1983లో సుప్రీంకోర్టు తేల్చింది. చద్దాకు న్యాయం జరిగింది, నాకు సంతోషమే. కానీ అదే తర్కం యుద్ధాధికారాల నిబంధననూ దెబ్బతీసింది.

ఫలితం చూడండి. ఇప్పుడు యుద్ధం ఆపే తీర్మానాన్ని అధ్యక్షుడు వీటో చేయవచ్చు. ఆ వీటో నిలవడానికి వందమంది సెనేటర్లలో 34 మంది తోడుంటే సరిపోతుంది. 2019లో యెమెన్ యుద్ధానికి అమెరికా సాయం ఆపాలన్న తీర్మానం సెనేట్‌లో 54–46తో, ప్రతినిధుల సభలో 247–175తో నెగ్గింది. ట్రంప్ వీటో చేశారు. తిరిగి ఓటింగు పెడితే సెనేట్‌లో వచ్చినవి 53 ఓట్లు, అంతటితో సరి. యుద్ధం మొదలుపెట్టడానికి మెజారిటీ కావాలని రాసుకున్న దేశంలో, యుద్ధం ఆపడానికి మూడింట రెండు వంతులు కావలసి వస్తోంది. ఇది నాకు మింగుడుపడని విషయం.

గోదావరి గట్టు:
లెక్క సరే. 60 రోజుల గడువును ఒబామా కూడా పాటించలేదు కదా? 2011లో లిబియాపై దాడులు మార్చి 19న మొదలయ్యాయి, మేలో గడువు దాటింది. అమెరికా సైనికులు నేలమీద లేరు కాబట్టి చట్టం చెప్పే పోరు ఇది కాదన్నారు. దీన్ని ఒక పార్టీ తప్పుగా చూపకండి.

న్యూజెర్సీ ఓటరు:
పార్టీ మాట నిజమే, అందుకే నా కోపం కాంగ్రెస్ మీద. 2002లో ఇరాక్ యుద్ధానికి అనుకూలంగా వేసిన ఓటు 2008లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల్లో హిల్లరీ క్లింటన్‌ను వెంటాడింది. ఆ పాఠం అందరూ నేర్చుకున్నారు: ఓటు వేయకపోతే నింద రాదు. యుద్ధం గెలిస్తే చప్పట్లు కొట్టవచ్చు, ఓడితే అధ్యక్షుడిని తిట్టవచ్చు. అధికారం లాక్కున్నారని కృష్ణాతీరం గారు అంటున్నారు, నాకైతే చేతులారా ఇచ్చేసినట్టే కనిపిస్తోంది.

నిధులు ఆపే శక్తి వాళ్ల చేతుల్లోనే ఉంది. 1973 ఆగస్టు 15న కంబోడియాపై బాంబు దాడులు ఆగింది కాంగ్రెస్ డబ్బు ఆపినందువల్లే. సోమాలియా విషయంలోనూ 1994 మార్చి 31 తర్వాత నిధులు లేవని తేల్చిచెప్పారు. ఇక్కడ మన తెలుగువాళ్ల సమావేశాలకు అభ్యర్థులు వస్తే వీసాల గురించి, గ్రీన్‌కార్డుల గురించి అడుగుతాం. యుద్ధం మీద ఓటు వేస్తారా లేదా అని కూడా అడగాలి. మన పిల్లలు కూడా ఈ దేశ సైన్యంలో చేరుతున్నారు.

కృష్ణాతీరం:
2021లో మర్ఫీ, లీ, శాండర్స్ అనే ముగ్గురు సెనేటర్లు ఒక బిల్లు తెచ్చారు. 60 రోజుల గడువు 20కి తగ్గుతుంది, అనుమతి రాకపోతే నిధులు వాటంతటవే ఆగిపోతాయి. ఒకరు డెమొక్రాట్, ఒకరు రిపబ్లికన్, ఒకరు స్వతంత్రుడు. ఇదే సరైన దారి అంటాను. ఆపడానికి ఓటు వేయాల్సిన పని ఉండదు, కొనసాగించడానికే వేయాలి.

గోదావరి గట్టు:
20 రోజులు చాలా తక్కువ, శత్రువు రోజులు లెక్కపెట్టుకుని కూర్చుంటాడు. నిధులు వాటంతటవే ఆగడం మాత్రం బాగుంది, అక్కడ మీతో ఏకీభవిస్తాను.

చట్టం చదువరి:
ఆ బిల్లు చట్టం కాలేదు. అవ్వాలన్నా అధ్యక్షుడి సంతకం కావాలి, లేదా మళ్లీ అదే మూడింట రెండు వంతులు. 1973లో ఆ సంఖ్య దొరికింది నిక్సన్ వాటర్‌గేట్ కుంభకోణంలో కూరుకుపోయి ఉన్న సమయంలో. 2025 జూన్ 27న ఇరాన్ మీద తదుపరి దాడులకు అనుమతి తప్పనిసరి చేసే తీర్మానానికి సెనేట్‌లో వచ్చినవి 47 ఓట్లు, వ్యతిరేకంగా 53. మూడింట రెండు వంతుల మాట అటుంచి, సగం కూడా లేరు.