తామర: పువ్వు పేరు చర్మానికి ఎలా వచ్చింది?

మొన్న ఊరెళ్లినప్పుడు మా పెద్దమ్మ ముంజేతి మీద, గాజులకు కాస్త పైన, గుండ్రటి మచ్చ చూశాను. అంచు ఎర్రగా ఉబ్బి పొట్టు రేగుతోంది, నడుమ చర్మం మాత్రం దాదాపు మామూలుగానే ఉంది. “తామరే పెద్దమ్మా” అన్నాను. “కాదంటరా, రింగ్‌వార్మంట. పురుగు లోపల తిరుగుతోందని మందుల షాపతను చెప్పాడు” అంది. పాకలో దూడ కళ్ల చుట్టూ బూడిదరంగు పెచ్చులు కట్టి ఉన్నాయి. రోజూ దాని మెడ చుట్టూ చేయి వేసి పాలకు వదిలేది ఆవిడే.

రింగ్‌వార్మ్‌లో పురుగు లేదండి. చర్మం కింద పురుగు చుట్ట చుట్టుకుందనుకుని ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పెట్టారు. డాక్టర్లు వాడే ‘టీనియా’ అన్న లాటిన్ మాటకూ బట్టలు కొరికే పురుగనే అర్థం. 1841లో పారిస్‌లో డేవిడ్ గ్రూబీ తలకు వచ్చే ఇలాంటి జబ్బుకు శిలీంధ్రం, అంటే బూజు జాతి జీవి, కారణమని చూపించాడు. అయినా పేరు మారలేదు. 2020లో మన దేశంలో బాగా వ్యాపించిన, మందులకు ఓ పట్టాన లొంగని ఒక రకానికి ‘ట్రైకోఫైటాన్ ఇండోటినియే’ అని పెట్టారు. ఆ పేరులో ఇండియా ఉంది, ఆ పాత పురుగూ ఉంది.

మన తామరలో పురుగు లేదు. పువ్వులా గుండ్రంగా ఉంటుందని ఆ పేరు వచ్చిందని చాలామంది అంటారు. నాకు మాత్రం పాకే గుణం వల్ల వచ్చిందనిపిస్తుంది. తామర దుంప బురదలో పక్కకు పాకుతూ కొలనంతా కమ్మేస్తుంది కదా, “తామరతంపరగా వర్ధిల్లండి” అని దీవించేది అందుకే కదా!

ఈ బూజు చేసేదీ అదే పని. చర్మం పైపొరలో, వెంట్రుకలో, గోరులో ఉండే కెరటిన్ దీని తిండి. ప్రాణమున్న కణాల జోలికి సాధారణంగా పోదు. పడిన చోటి నుంచి అన్ని వైపులకూ పోగులు చాచుకుంటూ పోతుంది. వెనక నడుమ భాగంలో ఒళ్లు దాన్ని తరిమేసి మానిపోతూ ఉంటే, అంచు దగ్గర పోరు నడుస్తూనే ఉంటుంది. అందుకే ఉంగరం ఆకారం. డాక్టర్లు పొట్టు గీకేది కూడా అంచు నుంచే. డిగ్రీలో ఉండగా ల్యాబ్‌లో అలాంటి పొట్టు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి చూశాం. కణుపులు కణుపులుగా సన్నటి దారాలు. తామర తూడు విరిచినప్పుడు సాగే దారాలే గుర్తొచ్చాయి నాకు.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: మాది చిత్తూరు వైపు. తమిళంలో దీన్ని ‘పడర్ తామరై’ అంటారు. పడర్ అంటే పాకడం, అల్లుకోవడం.

జవాబు: చాలా సంతోషమండీ, నా ఊహకు అంతకన్నా బలం ఏం కావాలి! కన్నడ, మరాఠీల్లో ‘గజకర్ణ’, ఏనుగు చెవి. వాళ్లు ఆకారం చూశారు. హిందీ ‘దాద్’ సంస్కృత ‘దద్రు’ నుంచి వచ్చింది. మలయాళంలో ‘పుళుక్కడి’, పురుగు కాటు.

మరొకరు: మిరప తోటల్లో తామర పురుగు అంటాం కదా? మరి మీ పెద్దమ్మది తప్పెలా అవుతుంది?

జవాబు: అది నిజంగా పురుగేనండి. 2021లో మిరప రైతులను ఏడిపించిన నల్ల తామర పురుగు పూలలో చేరి రసం పీల్చే చిన్న కీటకం. చర్మం మీది తామరకూ దానికీ మాట ఒక్కటే కలుస్తుంది. మనుషుల్లో పురుగు ఉండేది తామరలో కాదు, ప్రకటనల్లో దాని పక్కనే చెప్పే గజ్జిలో. కంటికి సరిగా ఆనని నల్లి లాంటి జీవి చర్మంలో సొరంగం తవ్వుతుంది.

అలాగని తెలుగు పేర్లన్నీ సరైనవని నేను అనను. ‘పేనుకొరుకుడు’లో పేను లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్ల మీద పడటం వల్ల వచ్చేది అది. ఈ పేరు వల్ల నష్టం కూడా ఉంది. పిల్లి, కుక్కపిల్లల నుంచి ‘మైక్రోస్పోరం కేనిస్’ అనే బూజు పిల్లల తలకు అంటుకుంటుంది. అక్కడా గుండ్రంగానే జుట్టు ఊడుతుంది. పేనుకొరుకుడేలే అని ఉల్లిపాయ రుద్దుతూ కూర్చుంటారు. మచ్చలో పొట్టు రేగుతున్నా, వెంట్రుకలు కుదుళ్ల దగ్గర విరిగి మోళ్లలా కనిపిస్తున్నా వెంటనే డాక్టరుకు చూపించండి, ఈ బూజు కావచ్చు.

పెద్దమ్మకు ఆ షాపులో ఇచ్చినది స్టెరాయిడ్ కలిపిన క్రీము. వారంలో ఎరుపు తగ్గింది, దురద పోయింది. నెల తిరిగేసరికి మోచేయి దాటి పాకింది. స్టెరాయిడ్ ఒంటి పోరును అణిచేస్తే, బూజుకు అడ్డేముంటుంది? చర్మ డాక్టరు చూడగానే అడిగిన మొదటి మాట, “ఇంట్లో పశువులున్నాయామ్మా?” దూడకూ పశువుల డాక్టరుతో మందు వేయించాం. పెద్దమ్మ ఇప్పుడు దాన్ని ‘దూడ తామర’ అంటోంది. మీ ఊళ్లలో పశువులకు వచ్చే తామరకు విడిగా ఏదైనా మాట ఉందా? ఉంటే ఊరి పేరుతో సహా రాయండి.