కచ్చతీవు తిరిగి వస్తే మత్స్యకారుల అరెస్టులు ఆగుతాయా?

తండయార్‌పేట నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము ముప్పై ఏళ్లుగా చెన్నైలో, కాశిమేడు రేవుకు దగ్గరలోనే ఉంటున్నాము. రామేశ్వరం పడవలను శ్రీలంక నావికాదళం పట్టుకుందన్న వార్త వచ్చిన ప్రతిసారీ మా వీధిలో వినిపించే మాట ఒకటే. 1974లో రామేశ్వరానికి, శ్రీలంకకు మధ్యనున్న కచ్చతీవు అనే చిన్న దీవిని శ్రీలంకకు వదులుకోవడం వల్లే ఇదంతా జరుగుతోందని, దాన్ని వెనక్కి తెచ్చుకుంటే గొడవ తీరిపోతుందని అందరూ అంటారు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ కూడా ఆ దీవిని తిరిగి పొందాలని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. ప్లస్ టూ చదువుతున్న మా అమ్మాయి మొన్న పటం ముందు పెట్టుకుని, "ఇది 285 ఎకరాల దీవి, పైగా మనుషులెవరూ కాపురం ఉండరట. ఇది మనదైతే మనవాళ్లు దీని దగ్గరే ఆగిపోతారా నాన్నా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను. విషయం తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మైలాపూరు విశ్రాంత అధ్యాపకుడు:

మీ అమ్మాయి అడగవలసిన ప్రశ్నే అడిగిందండి. ఒప్పందాలు రెండు ఉన్నాయన్నది ముందుగా గుర్తించాలి. 1974 జూన్‌లో ఇందిరా గాంధీ, సిరిమావో బండారనాయకె సంతకాలు చేసిన మొదటి ఒప్పందం రెండు దేశాల మధ్యనున్న పాక్ జలసంధిలో సరిహద్దు గీసినప్పుడు, కచ్చతీవు ఆ గీతకు సుమారు ఒక మైలు అవతల, శ్రీలంక వైపున పడింది. మన మత్స్యకారులు, యాత్రికులు వీసా లేకుండా ఆ దీవికి వెళ్లవచ్చని అందులో స్పష్టంగా రాశారు, అందుకే అక్కడి అంతోణియార్ (సెయింట్ ఆంటోనీ) చర్చి ఉత్సవానికి రామేశ్వరం నుంచి భక్తులు వెళ్లివస్తుంటారు. అయితే ఆ ఒప్పందం మీద అందరి దృష్టీ ఉండడం వల్ల, వేటకు అసలైన అడ్డంకి తెచ్చిన రెండో ఒప్పందం, అంటే 1976 మార్చిలో రెండు ప్రభుత్వాలు ఇచ్చిపుచ్చుకున్న లేఖల సంగతి మరుగున పడిపోతోంది. ఒక దేశపు పడవలు మరో దేశపు జలాల్లో వేట చేయకూడదన్న నియమం ఆ లేఖల్లోనే ఉంది. కన్యాకుమారికి దక్షిణాన చేపలు పుష్కలంగా దొరికే వాడ్జ్ బ్యాంక్ అనే సముద్ర ప్రాంతం మనకు దక్కింది కూడా ఆ ఏర్పాటులోనే, కనుక మనం పోగొట్టుకున్నదే తప్ప పొందినదేమీ లేదనడం న్యాయం కాదు.

ఇక దీవిని వెనక్కి తీసుకోవడం గురించి. భూభాగాన్ని పరదేశానికి ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ కావాలని 1960లో బెంగాల్‌లోని బేరుబారి ప్రాంతాన్ని పాకిస్తాన్‌కు ఇచ్చే వ్యవహారంలో సుప్రీంకోర్టు చెప్పింది, 2015లో బంగ్లాదేశ్‌తో భూభాగాలు మార్చుకున్నప్పుడు నూరవ సవరణ చేసింది కూడా అందుకే. కచ్చతీవు విషయంలో అది వర్తించదని, అది వివాదంలో ఉన్న దీవి కనుక జరిగింది సరిహద్దు నిర్ణయమే గాని అప్పగింత కాదని కేంద్రం వాదన. దీన్ని ప్రశ్నిస్తూ జయలలిత 2008లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. రామనాథపురం జమీందారీకి ఆ దీవి మీద ఉన్న హక్కును పార్లమెంటు ముందు చర్చకు పెట్టకుండా వదిలేశారన్న బాధ నాకూ ఉంది, ఆ బాధ సబబైనదేనని నా నమ్మకం. కాని దీవి మనదైనా సరిహద్దు గీత కొద్ది మైళ్లే జరుగుతుంది. అరెస్టులు తరచుగా జరిగేది అంతకంటే ఎంతో అవతల, ఉత్తర శ్రీలంకలోని నెడుందీవు అనే దీవి దగ్గర, జాఫ్నా తీరానికి చేరువగా. కాబట్టి మీ అమ్మాయి ప్రశ్నకు నా సమాధానం "ఆగరు" అనే.

ఎన్నూరు (సొంతూరు నెల్లూరు తీరం):

అధ్యాపకులవారు చెప్పిన దానికి నా అనుభవం జోడిస్తాను. మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. తమిళనాడు నుంచి వచ్చే సోనా బోట్లు అనే పెద్ద మర పడవలు ఒడ్డుకు దగ్గరగా వేట చేసి మా చిన్న పడవల వలలు తెంచుకుపోతున్నాయని మా ఊరివాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకే వేట హక్కు అని ఆంధ్రప్రదేశ్ చట్టం చెబుతున్నా, రాత్రిపూట సముద్రం మీద ఆ చట్టాన్ని అమలు చేసేవారు కరువు. మా పెదనాన్న వల కోసం తీసుకున్న అప్పు తీరకముందే, ఆ వల ఒక్క రాత్రిలో చిరిగి ముక్కలైంది. ఆ ఏడాది ఆయన ముఖం చూసినవాడిని కనుక, జాఫ్నా, మన్నారు మత్స్యకారుల ఆక్రోశం నాకు పరాయిదిగా తోచదు.

శ్రీలంక అంతర్యుద్ధం ముగిసిన 2009 దాకా ఆ మత్స్యకారులను సముద్రం మీదికి స్వేచ్ఛగా వెళ్లనివ్వలేదు. తిరిగి వేట మొదలుపెట్టేసరికి, మన వైపు నుంచి వచ్చే ట్రాల్ బోట్లు వాళ్ల వలలను తొక్కుకుంటూ పోతున్నాయి. వాళ్లూ తమిళులే, ఒకే భాష మాట్లాడే పేదలే. పాక్ అఖాతం లోతు తక్కువైన సముద్రం. ట్రాల్ వల అడుగును గీరుకుంటూ పోయి చేప పిల్లలను, గడ్డిని, పగడాలను ఊడ్చేస్తుంది. శ్రీలంక 2017లో అడుగు ట్రాలింగ్‌ను చట్టరీత్యా నిషేధించింది. మన వైపు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉన్నా, అది ముగిసిన మర్నాడే అవే పడవలు అదే నీటిలోకి దిగుతాయి. జైలుకు వెళ్లేవారిలో ఎక్కువమంది కూలికి వెళ్లినవాళ్లు, పడవ యజమానులు ఒడ్డునే ఉంటారు.

తండయార్‌పేట నివాసి:

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను ఇంతవరకు ఈ విషయాన్ని ఒక వైపు నుంచే చూశానని ఒప్పుకుంటున్నాను. అయితే ఢిల్లీ ఎందుకు గట్టిగా పట్టుబట్టదు? 2022లో కొలంబో దివాలా తీసినప్పుడు ఆదుకున్నది మనమే కదా?

అడయారు పరిశోధక విద్యార్థిని:

ఆ సంవత్సరం భారత్ దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం అందించిన మాట నిజమేనండి. కాని అప్పు ఇచ్చిన చేత్తో మెడ పట్టుకుంటే, పొరుగు దేశం మరొకరి నీడకు చేరుతుందన్న భయం ఢిల్లీకి ఎప్పుడూ ఉంది. శ్రీలంకలోని హంబన్‌తోట రేవు 2017లో 99 ఏళ్ల కౌలుకు చైనా సంస్థ చేతికి వెళ్లింది. మన అభ్యంతరాన్ని లెక్కచేయకుండా, యువాన్ వాంగ్ 5 అనే చైనా నౌక 2022 ఆగస్టులో అదే రేవులో ఆగింది. శ్రీలంక అధ్యక్షుడు దిసానాయకె 2024 డిసెంబరులో తొలి విదేశీ పర్యటనకు ఢిల్లీనే ఎంచుకోవడం, 2025 ఏప్రిల్‌లో రక్షణ రంగంలో అవగాహన ఒప్పందం కుదరడం మనకు ముఖ్యమైన విషయాలు. వాటిని పణంగా పెట్టి ట్రాల్ బోట్ల తరఫున వాదించడానికి విదేశాంగ శాఖ సిద్ధపడదు, సిద్ధపడకూడదని కూడా నా అభిప్రాయం. జాఫ్నా మత్స్యకారులు కూడా ఓటర్లే గనుక కొలంబోలో ఏ ప్రభుత్వమున్నా వారిని కాదని మనకు వేట హక్కు ఇవ్వలేదు.

అసలు వైఫల్యం ఒడ్డు మీద జరిగింది. పాక్ అఖాతంలోని 2,000 ట్రాల్ బోట్లను లోతు సముద్రంలో ట్యూనా వేటకు మార్చే పథకం 2017లో మొదలైంది. ఒక్కో పడవ ఖరీదు 80 లక్షల రూపాయలు, అందులో కేంద్రం సగం, రాష్ట్రం ఐదో వంతు భరిస్తాయి, మిగిలినది బ్యాంకు అప్పు, లబ్ధిదారు వాటా. అనుకున్న సంఖ్యలో పడవలు మారలేదు. సాయంత్రం వెళ్లి తెల్లవారేసరికి ఒడ్డుకు చేరే అలవాటున్నవారికి రోజుల తరబడి నడిసముద్రంలో ఉండే వేట చేతకాదు, నేర్పించిన ఏర్పాటూ చాలలేదు, పైగా అప్పు భయం ఉండనే ఉంది. 2014లో చెన్నైలోనూ, తర్వాత కొలంబోలోనూ రెండు వైపుల మత్స్యకారుల ప్రతినిధులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ చర్చలను మళ్లీ మొదలుపెట్టి, అందులో పడవ యజమానులతో పాటు కూలీలకూ చోటు ఇవ్వాలి. ట్రాల్ వల ఆపేసిన రోజు నుంచి ఆ కూలీ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది ఇంతవరకు ఏ పథకంలోనూ వివరంగా రాసినట్టు నాకు కనిపించలేదు.